మధ్య స్థలం

"మన ముగ్గురికీ ఒకే వరసలో స్థలం దొరికింది!" అన్నాడు భర్త, కొత్త సినిమాకి మొదటి ఆట టికెట్లు దొరికినంత సంబరంగా.

ఆమె అప్పుడు అత్తగారి పరుపు మీది గలేబు ఊడదీసి బకెట్లో నానబెడుతోంది. అత్తగారు పోయి ఇరవై రోజులైంది. గది మాత్రం ఇంకా ఖాళీ కాలేదు. మందుల పెట్టె, బెడ్‌పాన్, పరుపు తడవకుండా వేసే రబ్బరు గుడ్డ, అన్నీ ఆమె చేతుల మీదుగా కడిగి ఆరబెట్టాల్సినవే. ఇంట్లో ఇంకెవరికీ ఆ గదిలోకి వెళ్ళడానికి మనసు రావడం లేదట, దుఃఖం పొంగుకొస్తోందట. ఆమెకి దుఃఖం పొంగినా బకెట్ మోయక తప్పదు.

"ఏ స్థలం?" అంది మోచేతుల దాకా నురగతో.

"సమాధుల తోటలో. అమ్మ పక్కన నువ్వు, నీ పక్కన నేను. ఆదివారం ఆరాధన అయ్యాక ఆఫీసులో నువ్వొక సంతకం పెడితే చాలు."

"మధ్యలో నేనెందుకండీ? తల్లీకొడుకులు మీరు కదా పక్కపక్కన ఉండాల్సింది?"

"అమ్మే అడిగింది. కడబూర మోగి అందరం లేచే వేళకి నువ్వు చెయ్యందేంత దూరంలో ఉండాలంది. తన మోకాళ్ళ సంగతి తెలుసుగా."

"తిరిగి లేచాక వచ్చే మహిమ శరీరానికి మోకాళ్ళ నొప్పులుంటాయా?"

"అబ్బబ్బ, పెద్దావిడ ఏదో ముచ్చటపడి అంది! ప్రతిదానికీ లా పాయింట్లు తీస్తావేంటి?" అని విసుక్కుని టీవీ దగ్గరికి వెళ్ళిపోయాడు.

ముచ్చటట, ముచ్చట! ఆ ముచ్చట్లు ఆమెకి ఆరేళ్ళుగా తెలుసు. అత్తగారు మంచం పట్టిన మొదటి వారమే ఆడపడుచు వచ్చి, తల్లి చేతికి ఒక ఇత్తడి గంట ఇచ్చి, "మందుల షాపులో పనిచేసే కోడలుండగా నీకు నర్సెందుకే అమ్మా, గంట కొట్టు చాలు" అని చెప్పి, మర్నాడు పొద్దున్నే తన ఊరు వెళ్ళిపోయింది. షాపులో కౌంటరు వెనక ఎనిమిది గంటలు నిలబడి, చీటీలు చదివి, మాత్రలు కత్తిరించి ఇచ్చి ఇంటికొస్తే, చెప్పులు విప్పకముందే గంట. దిండు జారితే గంట, ఫ్యాను ఎక్కువైతే గంట, కిటికీలోంచి కనిపించేది ఎవరో తెలియాలంటే గంట. స్నానాల గదిలో తల మీద నీళ్ళు పోసుకుంటూ ఆ మోత విని పరిగెత్తిన రోజులెన్నో. ఆ పెద్దావిడ చెడ్డదని కాదు. నొప్పితో నలిగిపోయింది పాపం, కోడలి చెయ్యి పట్టుకునే ప్రాణం వదిలింది. ఆ చెయ్యి వదిలించుకుని లేచినప్పుడు ఆమెకి నిజంగానే ఏడుపొచ్చింది. కానీ శవపెట్టె మూసేముందు భర్త ఏం చేశాడో తలుచుకుంటేనే ఒళ్ళు మండుతుంది. "అమ్మకి అలవాటు" అంటూ ఆ గంటని తల్లి కుడిచేతి కింద పెట్టాడు. అందరూ కళ్ళు తుడుచుకున్నారు. ఆ కుడిచేతి వైపే ఇప్పుడు తనకి స్థలం.

జ్ఞాపకార్థ కూడికలో అయితే ఇంకా ఘోరం. భర్త మైకు పట్టుకుని సాక్ష్యం చెప్పాడు. "మా అమ్మ ఆఖరి మాటలు చెబుతున్నా వినండి. నా కోడలు లేకపోతే నాకు పైన కూడా జరగదురా అంది!" సంఘమంతా స్తోత్రం, స్తోత్రం అంది. ఎవరో ఆమె భుజం తట్టారు, ఎంత ధన్యురాలివమ్మా అన్నారు. పాస్టరు అయ్యగారు ప్రసంగంలో, మన తల్లి ప్రయాసలన్నీ మాని విశ్రాంతిలో ప్రవేశించింది అన్నారు. విశ్రాంతి! ఆ మాట దగ్గర ఆమె చెవులు నిక్కబొడుచుకున్నాయి. ఆరేళ్ళు పడుకున్న మనిషికి విశ్రాంతి, ఆరేళ్ళు నిలబడ్డ మనిషికి భుజం మీద రెండు తట్లు. అంతలోనే వంటవైపు నుంచి పిలుపొచ్చింది, ప్లేట్లు చాలడం లేదని. భోజనాల వేళ ఎవరో, నువ్వు తిన్నావా అని అడిగారు గానీ జవాబు వినకుండానే మంచినీళ్ళు అడిగి వెళ్ళారు.

ఆమెకి నమ్మకం లేదనుకునేరు! ఉంది, గట్టిగానే ఉంది. చిన్నప్పుడు తాతయ్య పోతే, వాళ్ళమ్మ ఆమెని ఒళ్ళో కూర్చోబెట్టుకుని, నిద్రపోతున్నాడే, ప్రభువు పిలిచినప్పుడు లేస్తాడు అని చెప్పింది. ఆ మాట పట్టుకునే ఇన్నేళ్ళూ నెట్టుకొచ్చింది. ఎవరైనా ఎక్కడికైనా రమ్మంటే, నాకు చచ్చే తీరిక కూడా లేదండీ అని నవ్వుతుంది గానీ, లోపల ఆ తీరిక మీదే ఆశంతా. కన్నీళ్ళుండవు, నొప్పులుండవు, రాత్రీపగలూ ఉండవు. ఎవరూ పిలవని నిద్ర ఉంటుంది. వీళ్ళేమో పరలోకమంటే ఈ ఇల్లే ఇంకాస్త పెద్దదిగా ఉంటుందనుకుంటున్నారు. అందులోనూ మధ్య గదిలో తనేనట, అడకత్తెరలో పోకచెక్కలా! ప్రభువా, నీ రాకడ దాకా కూడా నాకు డ్యూటీయేనా అని అడిగింది. గలేబు పిండుతూ అడిగింది కాబట్టి కాస్త గట్టిగానే అడిగింది.

మర్నాడు కౌంటరు దగ్గర జనం పలచబడ్డాక, బైబిలు వాక్యంలోని ఒక మనిషి గుర్తొచ్చింది. ఏడుగురు అన్నదమ్ములకి ఒకరి తర్వాత ఒకరికి భార్యయి, ఏడుగురూ పోయాక తనూ పోయిన ఆవిడ. చచ్చి లేచాక ఆవిడ వాళ్ళలో ఎవరికి భార్య అని మగవాళ్ళంతా చేరి ప్రభువుని ఇరుకున పెట్టబోయారు. అక్కడ పెళ్ళిళ్ళూ ఉండవు, పెళ్ళాలూ ఉండరు, దేవదూతల్లా ఉంటారు అని ఆయన ఒక్క ముక్కలో తేల్చేశాడు. ఈ కథ ఆమె వందసార్లు విన్నదే. ఏడుగురిని సాగనంపిన ఆ మనిషిని, నీకెలా కావాలమ్మా అని వాళ్ళలో ఒక్కడూ అడగలేదన్నది మాత్రం ఇవాళే తట్టింది. అసలా జవాబు విన్న రోజు ఏ వెనక వరసలోనో నిలబడ్డ ఆడవాళ్ళు ఎంత ఊపిరి పీల్చుకుని ఉంటారో! జ్వరం మందు కోసం వచ్చినాయన రెండుసార్లు పిలిస్తే గానీ ఆమె ఈ లోకంలోకి రాలేదు.

ఆదివారం ఆరాధన అయ్యాక ఆఫీసు గదిలో నలుగురే ఉన్నారు. బల్ల వెనక అయ్యగారు, పక్కనే రిజిస్టరు ముందేసుకుని పాస్టరమ్మ, ఇవతల భర్త, ఆమె. గోడకి సమాధుల తోట పటం తగిలించి ఉంది. అందులో నిండినవి నల్లగా, ఖాళీవి తెల్లగా గళ్ళు గళ్ళుగా ఉన్నాయి.

"ఇక్కడ పెట్టు" అని భర్త కాగితం మీద వేలు చూపించాడు.

ఆమె పెన్ను తీసుకోలేదు. లేచి పటం దగ్గరికి వెళ్ళి, వెనక గోడ వారన ఉన్న ఒక తెల్ల గడి చూపించింది. "అమ్మగారూ, ఇది ఖాళీయేనా?"

"ఖాళీయేనమ్మా. అది ఒంటరి మూల, ఎవరూ అడగరు" అంది పాస్టరమ్మ.

"నాకది రాయండి."

భర్త కుర్చీ వెనక్కి నెట్టి లేచాడు. "మతి పోయిందా నీకు? మొగుణ్ణి వదిలేసి గోడవారన పడుకుంటావా? జనం ఏమనుకుంటారు?"

"ఆ వేళకి జనం కూడా పడుకునే ఉంటారు లెండి."

"అమ్మ ఆఖరి కోరిక..."

"ఆవిడ కోరికలు ఆరేళ్ళు తీర్చాను. మంచం మీద ఉన్నంతకాలం ఏ రోజైనా లోటు చేశానా? చెప్పండి." ఆమె ఆ తెల్ల గడి మీంచి వేలు తియ్యలేదు. "మట్టిలో కూడా నేనే కావాలంటే నా వల్ల కాదండీ. అలిసిపోయాను."

అయ్యగారు సర్దిచెప్పబోయారు. "అమ్మా, కోపంలో ఉన్నావు. భార్యాభర్తల్ని జతపరిచింది దేవుడు. మీ పెళ్ళి చేసింది నేనే. ఆ రోజు సంఘం ముందు నువ్వేం ప్రమాణం చేశావో ఒకసారి గుర్తు తెచ్చుకో."

"గుర్తుంది అయ్యగారూ. మీరు ముందు చెబితే మీ వెనక అక్షరం పొల్లుపోకుండా నేను చెప్పాను." ఆమె భర్త వైపు తిరిగింది. "కలిమిలో, లేమిలో, జబ్బులో, మరణం మనల్ని వేరుచేసే దాకా అన్నాను. ఆ మాట తప్పను. ఇవాళ కూడా ఇంటికెళ్ళి మీకు వండి పెడతాను. కానీ నేను మాటిచ్చింది అంతవరకేనండీ."

భర్త అయ్యగారి వైపు చూశాడు, ఆయన కాగితం వైపు చూశారు. పాస్టరమ్మ ఎవరి వైపూ చూడకుండా రిజిస్టరులో కొత్త పేజీ తిప్పి, కళ్ళద్దాలు సర్దుకుని అడిగింది.

"ఎవరి భార్యవో కూడా రాయమంటావా అమ్మా, ఉత్త నీ పేరు చాలా?"

"నా పేరు చాలండి" అంది ఆమె.