సత్తిరాజు గొంతు

నేను ఒక చేతి టేపు రికార్డర్ని. అరచేతికి కాస్త పెద్ద, ఇటుకకి కాస్త చిన్న. క్యాసెట్టు పెడితే పాడతాను, ఎర్ర మీట నొక్కితే ఎదుటివాడి మాట పట్టేస్తాను. నాకంటూ చెప్పుకోదగ్గ అభిప్రాయాలేమీ లేవు. ఎదురుగా ఎవరు నవ్వినా ఏడ్చినా నా మోటారు తిరిగే తీరు మారదు.

సముద్రం అవతల ఏదో ఫ్యాక్టరీలో, తెల్ల చేతితొడుగులు వేసుకున్న ఆడపిల్లలు నన్ను బిగించారు. ఓడలో పనిచేసే ఒకాయన నన్ను కాకినాడ రేవుకి తెచ్చి, దిగీ దిగగానే అమ్మేశాడు. కొన్నవాడు సత్తిరాజు. రిక్షాకి మైకు కట్టుకుని ఊరంతా సినిమాల ప్రచారం చేసేవాడు. రోజల్లా అరవలేక, ఒక్కసారి నాలోకి అరిచేసి, నన్ను మైకుకి తగిలించి, తను తీరిగ్గా బీడీ కాల్చుకునేవాడు. "నేడే చూడండి! రోజూ నాలుగు ఆటలు! ఆలసించిన ఆశాభంగం!" చురుకైన గొంతు. కొంచెం సన్నం, చివర చిన్న విరుపు. నోరున్నవాడిదే రాజ్యం అంటారు. ఆ లెక్కన జగన్నాథపురం వంతెనకి అటూ ఇటూ కొన్నాళ్లు సత్తిరాజుదే రాజ్యం.

తర్వాత ఆ గొంతులోనే పుండు లేచింది. ఆసుపత్రివాళ్లు ప్రాణం మిగిల్చి గొంతు తీసేశారు. ఇంటికొచ్చాక ఎవర్నైనా పిలవాలంటే గ్లాసు నేలకి తట్టేవాడు. భార్య నూకరత్నం ఏడవలేదు. ఏడుపు ఎటు పోయిందో ఆవిడకీ తెలియదనుకుంటాను. నన్ను వంటింటి గూట్లో చింతపండు జాడీ పక్కన పెట్టి, వంటైనంతసేపూ ఆ ఒక్క క్యాసెట్టే తిప్పేది. ఎప్పుడో ఎత్తేసిన సినిమాకి నేను రోజూ జనాన్ని రమ్మని పిలిచేదాన్ని. పోపు ఘాటు తప్ప ఏదీ వచ్చేది కాదు.

మనుషులకి వయసు మోకాళ్లలో తెలుస్తుంది, నాకు బెల్టులో. మోటారునీ చక్రాన్నీ కలిపే రబ్బరు బెల్టు సాగి, నా నడక ఏడాదికింత చొప్పున మందగించింది. దాంతో సత్తిరాజు గొంతు బరువెక్కింది, లావెక్కింది, నాటకంలో యముడి వేషం కట్టినవాడి గొంతులా గంభీరంగా తయారైంది. రోజూ వినే చెవికి ఆ తేడా అందదు. ఎదిగే పిల్లాడు కన్నతల్లికి ఎదిగినట్టు కనపడడు కదా. చివరికి ఒకనాడు ఆ బెల్టు కరిగి జిగురైపోయింది, నేను ఆగిపోయాను. ఇక ఆ ఇంట్లో మగ గొంతన్నది లేకుండా పోయింది.

ఎవరో చెబితే భార్యాభర్తలిద్దరూ నన్ను సంచీలో వేసుకుని డేవిడ్ రాజు ఇంటికొచ్చారు. బ్యాంకు ఉద్యోగం మానేసి, పాత టేపు రికార్డర్లు పోగేసి బాగుచేసుకునే మనిషి ఆయన. ముందుగది గోడ నిండా నాలాంటివే, బడిపిల్లల్లా వరసగా.

"పాటలక్కర్లేదండి బాబూ," అంది నూకరత్నం. "ఈయన మాట వినబడితే చాలండి. ఇంట్లో మనిషున్నాడో లేడో తెలీట్లేదండి." పక్కనే కుర్చీ అంచున కూర్చున్న సత్తిరాజు కిందికి చూస్తున్నాడు.

డేవిడ్ రాజు కొత్త బెల్టు వేశాడు. లోపలంతా స్పిరిట్‌తో తుడిచాడు. మోటారు వెనక చిన్న కన్నంలో ఉండే స్క్రూ తిప్పి, వేగం కంపెనీవాళ్లు పెట్టినట్టే వెంట్రుకవాసి తేడా లేకుండా కుదిర్చాడు. ఇలాంటి వాటిలో ఆయనకి మహా పట్టింపు. అప్పుడు మీట నొక్కాడు.

"నేడే చూడండి!"

చురుగ్గా, సన్నగా, చివర విరుపుతో. ఆనాడు నాలోకి ఎలా అరిచాడో అచ్చం అలాగే. సత్తిరాజు తలెత్తాడు. చెయ్యి మెడకి చుట్టుకున్న తువ్వాలు మీదికి పోయింది. పెదాలు మాటకి మాట కదిలాయి.

"కాదండి," అంది నూకరత్నం. "ఇది ఈయన గొంతు కాదండి. ఎవరో కుర్రాడు అరుస్తున్నట్టుంది. ఈయనది గంగాళంలోంచి వచ్చినట్టుంటాదండి."

"వేగం సరిగ్గానే ఉందమ్మా. ఇదే అసలు గొంతు."

"కాపరం చేసినదాన్ని, నాకు తెలీదాండీ?"

డేవిడ్ రాజు సత్తిరాజు వైపు తిరిగాడు. "మీరు చెప్పండి. ఇది మీదేనా?"

నూకరత్నం కూడా అటే చూసింది. ఇన్నాళ్లూ తను విన్నది మరెవరి గొంతోనన్న భయం ఆవిడ మొహంలో కనబడుతూనే ఉంది. సత్తిరాజు నన్నే చాలాసేపు చూశాడు. పెదాల కదలిక ఆగిపోయింది. తల అడ్డంగా ఊపి, వేగం తగ్గించమని చేత్తో సైగ చేశాడు.

స్క్రూ వెనక్కి తిరిగింది. గొంతు లావెక్కింది.

"ఆఁ, ఇదేనండి! ఈయనే!" అంటూ నూకరత్నం కొంగుతో మొహం తుడుచుకుంది.

వెళ్లేటప్పుడు డేవిడ్ రాజు నా వెనక కన్నం సత్తిరాజుకి వేలితో చూపించి, ఒక చిన్న స్క్రూడ్రైవరు ఆయన జేబులో పెట్టాడు. "ఎప్పుడైనా వినాలనిపిస్తే," అన్నాడు మెల్లిగా.

మళ్లీ చింతపండు జాడీ పక్కనే ఉన్నాను. నేను అరుస్తుంటే ఆవిడ పొయ్యి దగ్గర్నుంచి, "విన్నారా, మీరేనండీ!" అని కేకేస్తుంది. సత్తిరాజు తల ఊపుతాడు. అసలు గొంతు ఎలా ఉండేదో తెలిసినవాళ్లం ఆ ఇంట్లో ఇద్దరమే. చెప్పే నోరు ఇద్దరికీ లేదు.

ఆవిడ చేపల బజారుకి వెళ్లినప్పుడు ఆయన జేబులోంచి స్క్రూడ్రైవరు తీస్తాడు. నా వైపు చూస్తాడు. దాంతో చెవిలో గులిమి తీసుకుని, చొక్కాకి తుడిచి, మళ్లీ జేబులో పెట్టేసుకుంటాడు.