ఏడో ఫొటో ఎడమ అంచు

సాయంత్రం ఐదూ నలభైకి, గ్యాలరీ కొత్త హాలు తెరిచిన నలభై నిమిషాలకు, గోడ మీది ఏడో ఫొటోను, అది తీసినామే దించేసింది.

హాల్లో పన్నెండు మంది తీసిన పన్నెండు ఫొటోలు పెట్టారు. ఏడోది ఆసుపత్రి లాండ్రీ. ఆవిరి, రెండు యంత్రాలు, ఎడమ అంచున దుప్పట్ల మూటతో ఆమె తల్లి. తల్లి అక్కడ ఇరవై ఆరేళ్లు పనిచేసింది. కూతురు కెమెరా ఎత్తినప్పుడల్లా "నేనడ్డమేమోనే" అంటూ పక్కకు జరిగేది. అలా జరుగుతుండగా తీసిన ఫొటో అది. కింద చీటీ మీద "అమ్మ, ఉదయం షిఫ్టు" అని ఉంది.

కూతురు ప్రింటు మూడు రోజుల కిందటే ఇచ్చింది. ఇవాళ వచ్చిన దగ్గర్నుంచీ గుమ్మం దగ్గర అతిథులతోనే సరిపోయి, గోడ వైపు రాలేదు.

ఐదుంబావుకు తల్లి, లాండ్రీలో తనతో చేసిన ఇద్దరిని వెంటబెట్టుకుని వచ్చింది. ముగ్గురూ ఏడో ఫొటో ముందు నిలబడ్డారు. తల్లి కళ్లజోడు తుడిచి పెట్టుకుంది.

"ఏమే, ఫొటోలో కూడా సెలవు పెట్టావా?" అంది ఒకామె.

"పెళ్లికే పెట్టలేదు, ఫొటోకి పెడుతుందా!" అంది రెండో ఆమె.

ముగ్గురూ నవ్వారు. ముందుగా తల్లి నవ్వు ఆగింది. కూతుర్ని పిలిచి, "ఇందులో నేనెక్కడున్నానే?" అని అడిగింది.

కూతురు చూసింది. ఎడమ అంచు నాలుగు వేళ్ల మేర లేదు.

ఫ్రేములు కట్టే ఆయన వెనక గదిలో బల్ల సర్దుతున్నాడు.

"ఎవరు కోయమన్నారు?" అంది కూతురు అక్కడికి వెళ్లి.

"ఫ్రేములన్నీ ఒకే సైజు చేయించారమ్మా. మీది నాలుగు వేళ్లు ఎక్కువొచ్చింది. పక్కన ఎవరో పనామె పోతోంది, అటువైపు తీసెయ్ అన్నారు సారు."

"ఆ పనామె మా అమ్మ."

అతను కత్తి బల్ల మీద పెట్టేశాడు. "నాకు చీటీ చూపించలేదు తల్లీ." బల్ల కింది డబ్బాలో వెతికి ముక్క తీసిచ్చాడు. మూట, చేతులు, ముఖం అన్నీ అందులోనే ఉన్నాయి.

ఆమె దాన్ని తెచ్చి ఫ్రేము ఎడమ పక్కన గుండుసూదులతో గుచ్చింది. గ్యాలరీ యజమాని పరుగున వచ్చాడు.

"ఏంటండీ ఇది? వరస మొత్తం పాడవుతుంది. అందరూ చూస్తున్నారు."

"చూడ్డానికేగా పిలిచారు."

"కాస్త అంచు తీశాం, అంతే. ఎవరికి తెలుస్తుంది చెప్పండి?"

"చీటీ అచ్చు వేయించింది మీరే. అమ్మ అని రాసి అమ్మని కోసేశారు. యంత్రానికి పుట్టానా నేను?"



"గొంతు తగ్గించండి. రేపు మళ్లీ ప్రింటు వేయిస్తా," అంటూ యజమాని సూదుల మీద చెయ్యి వేశాడు. తల్లి వచ్చి అతనికీ గోడకూ మధ్య నిలబడింది.

"ముట్టుకోకు నాయనా. ఒకసారి కోశావు, చాలు."

"మీరు కొంచెం పక్కకు జరగండమ్మా."

ఆమె జరగలేదు.

యజమానే వెనక్కి తగ్గాడు. కూతురు ఫ్రేము దించి చంకన పెట్టుకుంది. తల్లి సూదులు ఒక్కొక్కటే పీకి, ముక్కను చేతిసంచిలో పెట్టుకుంది. నలుగురూ బయటికి నడిచారు.

ఆరింటికి ఆ గోడ మీద పదకొండు ఫొటోలు, పన్నెండు చీటీలు ఉన్నాయి.