మూడో సిలిండర్ వైరు

రోండా పికప్ ట్రక్కు నా రిపేరు షెడ్డులో నిలబడి ఉన్నా గజగజ వణుకుతోంది. పదకొండుకల్లా ఆమె టూసాన్ కోర్టులో ఉండాలి. మాజీ మొగుడు డ్వేన్ ఆమె గడప తొక్కకుండా ఆర్డరు ఇవాళే రావాలి. వెళ్లకపోతే కేసు కొట్టేస్తారు.

ఇంజిన్ నడుస్తుండగానే ఒక్కో సిలిండర్ కనెక్షన్ తీసి చూశాను. మిగతావి తీస్తే వణుకు పెరిగింది. మూడోది తీస్తే తేడా లేదు. పనిచెయ్యనిది అదే.

"మళ్లీ ఎలకలేనా, గస్? రాత్రిళ్లు బానెట్ ఎత్తి ఉంచితే ఇంజిన్లో గూడు కట్టవన్నావుగా!" అంది రోండా.

"ఆ సంగతి వాటికి చెప్పలేదేమో," అంటూ వైరు తడిమాను. నా నవ్వు ఆగిపోయింది. "ఎలక కొరికితే పీచుపీచుగా ఉంటుంది, రోండా. ఇది కత్తితో కోసింది. రాగి ఇంకా మెరుస్తోంది, కోత కొత్తది."

ఇంట్లో ఉన్నది ఆమె తల్లి, రెండేళ్ల పాప. ఫోన్ చేసింది. ఎవరూ ఎత్తలేదు.

వైరు అతికి టేపు చుట్టాను. వణుకు ఆగింది.

"షెరీఫ్‌కి నేను చెప్తాను. నువ్వు కోర్టుకి పో."

"ఆయనొచ్చేసరికి గంట పడుతుంది, గస్."

పికప్ కోర్టు వైపు కాక ఇంటి వైపు తిరిగింది. డ్వేన్‌కి కావలసిందీ అదే.