కోతపండుగ వేలంలో నల్ల డబ్బా

ఆరోన్‌కు ప్రపంచంలో పడనివి రెండు. ఒకటి, పాట మధ్యలో ఎవరైనా దగ్గడం. రెండోది, మన పాటలు ఎవరో పెద్ద కంపెనీ కంప్యూటర్లలో ఉండటం, వాళ్ళకు బుద్ధి పుట్టిన రోజున తీసేయడం. దగ్గుకు అతని దగ్గర మందు లేదు. రెండోదానికి మాత్రం ఇబ్రహీంపట్నంలోని తమ చర్చి వెనక గదిలో ఒక పాత కంప్యూటర్ పెట్టి, ఎవరైనా ఉచితంగా తెచ్చుకుని లోపలంతా విప్పి చూసుకోగల పాటల సాఫ్ట్‌వేర్ ఒకటి ఎక్కించాడు. దాంతో క్వయర్‌లో ఎవరి వరుస వాళ్ళు ఇంట్లో కూర్చుని ఫోన్లో వినొచ్చు. పవర్‌హౌస్‌లో షిఫ్టు దిగి వస్తూ రోజూ ఆ గదిలోకి తొంగి చూసి, పచ్చలైటు వెలుగుతుంటే మురిసిపోయేవాడు.

కొత్త స్కూటరుకూ కొత్త ఫ్రిజ్‌కూ పెట్టుకున్నట్టే దానికీ కృతజ్ఞత కూడిక పెట్టించాడు. పాస్టరుగారు కంప్యూటర్ మీద చెయ్యి ఉంచి ప్రార్థన చేశారు. ఆ తర్వాత ఆరోన్ అరచేతిలో పట్టే నల్ల డబ్బా ఒకటి పైకెత్తి చూపించాడు.

"ఈ కంప్యూటర్ పోయినా భయం లేదండీ. ఏసుపాదం మాస్టారి గొంతంతా దీంట్లో కూడా ఉంటది. ప్రతి ఆదివారం కాపీ తీసి బీరువాలో పెడతా."

అప్పటికి అందరి చూపూ కేకు మీద ఉంది.

ఏసుపాదం మాస్టారు ముప్పయ్యేళ్ళు క్వయర్‌ను నడిపి, కిందటేడు కన్నుమూశారు. చివరి రెండేళ్ళ ప్రాక్టీసులన్నీ ఆరోన్ ఓపిగ్గా రికార్డు చేసి పెట్టాడు. ఆయన భార్య సంపూర్ణమ్మ సాయంత్రం కూర తరుక్కుంటూ వాటిని వినేది. పాటల కన్నా, మధ్యలో ఆయన అందర్నీ వేసే కేకలంటేనే ఆమెకు ఇష్టం. ఆ గొంతు ఇంకెక్కడా లేదు. ఫోన్లో మాట్లాడినవాటిని దాచుకోవాలని ఎవరికి తోస్తుంది?

క్రిస్మస్ పది రోజులుందనగా, ఒక శనివారం మధ్యాహ్నం కంప్యూటర్ తెర మీద కబురొచ్చింది. కొత్త వెర్షన్ వచ్చిందట. మార్పులేమిటో చదవమనీ, ముందుగా కాపీ తీసుకోమనీ వినయంగా చెప్పింది. ప్రాక్టీసుల హడావుడిలో పడి ఆరోన్ కాపీ తీసి నెల దాటింది. పాతది బీరువాలో ఉందిగా అనుకున్నాడు. మార్పుల జాబితా బారెడుంది, దాన్ని చదివే ఓపిక లేదు. 'సరే' అని నొక్కి టీ తాగడానికి వెళ్ళాడు.

తిరిగొచ్చేసరికి పచ్చలైటు లేదు. కంప్యూటర్ ప్లగ్గు ఉండాల్సిన చోట క్రిస్మస్ స్టారు ప్లగ్గు ఉంది. పక్కనే జాన్సన్ నిచ్చెన మీద నించుని స్టారును చూసి సంతోషిస్తున్నాడు. చర్చిలో డోలక్ వాయించడం, స్టార్లు కట్టడం, వేలం వేయడం అన్నీ అతనే.

"ఎవడ్రా దీని ప్లగ్గు పీకింది?"

"నేనే బావా. వెలుగుద్దో లేదో చూద్దామని. ఇదిగో, మళ్ళీ పెట్టేస్తున్నాగా!"

పెట్టాడు. లోపలి పాత డిస్కు నాలుగుసార్లు టకటకమని కొట్టుకుని ఊరుకుంది. ఆ తర్వాత ఎంత బతిమాలినా పలకలేదు.

ఆరోన్ బీరువా తీశాడు. నల్ల డబ్బా లేదు. అప్పుడు గుర్తొచ్చింది. ఆఖరిసారి కాపీ తీసిన రోజున తాళంచెవి పాస్టరుగారి దగ్గర ఉండిపోయింది. షిఫ్టుకు టైమైపోతోందని డబ్బాను బీరువా ముందున్న బల్ల మీదే పెట్టి పరిగెత్తాడు. ఆ పై ఆదివారమే కోతపండుగ. ఆ వేళకు అతను డ్యూటీలో ఉన్నాడు.

జాన్సన్ నిచ్చెన దిగి నెమ్మదిగా అడిగాడు. "నల్లగా, ఇంతే ఉంటదా బావా? అది... వేలం వేశాను కదా."

కోతపండుగనాడు అందరూ తమ తొలిపంటలో దేవుడి భాగం తెచ్చి ఆ బల్ల మీదే పెడతారు. వడ్లు, గుమ్మడికాయలు, అరటిగెలలు, కోళ్ళు. ఆరాధన అయ్యాక అన్నిటినీ వేలం వేస్తారు. బల్ల మీద ఉన్నది దేవుడిది. ఎవరిచ్చారు, ఎందుకిచ్చారు అని అడిగే అలవాటు ఎవరికీ లేదు.

"ఫోన్ చార్జింగ్ పెట్టుకునే పవర్‌బ్యాంకు అని చెప్పి వేశా బావా."

"ఎవరు కొన్నారు?"

"సరిగ్గా అప్పుడే మార్తగారి పుంజు తాడు తెంపుకుంది. జనమంతా దాని వెనక పడ్డారు. ఎవరో చెయ్యెత్తారు, ఇచ్చేశా."

సంపూర్ణమ్మకు మొహం చూపించలేక ఆ ఇల్లొక్కటి వదిలేసి, ఆరోన్ ఆదివారమంతా ఇల్లిల్లూ తిరిగాడు. రెండు గుమ్మడికాయల జాడ తెలిసింది. పుంజు చివరికి ఏ కూరయిందో కూడా తెలిసింది. డబ్బా మాత్రం దొరకలేదు. సోమవారం సాయంత్రం ఫోన్ మోగింది.

"ఆరోనూ, రెండ్రోజుల్నుంచి మీ మాస్టారు పలకట్లేదేంటి నాయనా?"

ఆ మాటకు అతని ప్రాణం చివుక్కుమంది. ఫోన్లో చెప్పే ధైర్యం లేక ఇంటికే వెళ్ళాడు. సంపూర్ణమ్మ దొండకాయలు తరుగుతోంది. ఎదురుగా కూర్చుని, తల దించుకుని, ఒక్కటీ దాచకుండా చెప్పేశాడు. చదవకుండా నొక్కడం, బల్ల మీద వదిలేయడం, నెలపాటు వాయిదాలు వేయడం, అన్నీ.

ఆమె కత్తిపీట పక్కకు నెట్టి లోపలికెళ్ళింది. ట్రంకుపెట్టె మూత కిర్రుమంది. మాస్టారి చేతిరుమాల్లో చుట్టిన డబ్బా తెచ్చి అతని ముందు పెట్టింది.

"ఇదేనా?"

"మీ దగ్గరికెలా వచ్చిందండీ?"

"వేలంలో కొన్నా. ఆయన గొంతు ఇందులో ఉందని కూడికలో నువ్వే చెప్పావుగా? దాన్ని గుమ్మడికాయ పక్కన పెట్టుకుని జాన్సన్ అరుస్తుంటే నాకు కడుపు తరుక్కుపోయింది. మీకు అక్కర్లేక ఇచ్చేశారనుకున్నా."

"ఒక్కమాట అడక్కపోయారా అత్తయ్యగారూ!"

"దేవుడికిచ్చినదాన్ని ఎందుకిచ్చావని అడుగుతారంటయ్యా ఎవరైనా?"

ఆ కూడికలో తన మాట విన్నది ఈమె ఒక్కతే అని ఆరోన్‌కు అప్పుడు తెలిసింది.

కొత్త డిస్కు తెచ్చి అన్నీ మళ్ళీ ఎక్కించాడు. మాస్టారి ప్రాక్టీసులన్నీ వచ్చాయి. పోయినవల్లా నెల రోజుల రికార్డులు. అందులో ఆరోన్ ఒక్కడే పాడిన పాట నాలుగుసార్లు ఉంది. దానికి ఎవరూ బాధపడలేదు. దేవుడు ఏం చేసినా మంచికేనని జాన్సన్ పైకే అన్నాడు.

చర్చి కోసం ఆరోన్ ఇంకో డబ్బా కొని, దాని మీద 'ఇది కానుక కాదు' అని పెద్ద అక్షరాలతో కాగితం అంటించాడు. పాతది తిరిగి తీసుకెళ్ళి సంపూర్ణమ్మకే ఇచ్చాడు. కాపీ ఒకటి వేరే ఇంట్లో ఉండాలని ఎప్పుడో చదివాడు గాని, ఏ ఇంట్లోనో ఆలోచించే తీరిక అతనికి చిక్కలేదు.

"పెట్టెలో ఉంటే చాలదు నాయనా. నెలకోసారి వచ్చి, పలుకుతుందో లేదో వినిపించిపో" అంది ఆమె.

జనవరి మొదటి ఆదివారం ఆరాధన అయ్యాక ఆరోన్ ల్యాప్‌టాప్ పట్టుకెళ్ళి డబ్బా తగిలించాడు. సంపూర్ణమ్మ కళ్ళజోడు లేకుండానే తెర మీద ఏదో ఒకదాన్ని వేలితో చూపించింది. హార్మోనియం మొదలైంది. ఒక మగగొంతు అందరికన్నా ముందే ఎత్తుకుంది. హార్మోనియం ఠక్కున ఆగింది.

"ఆరోనూ! ఎవరు ఎత్తుకోమన్నార్రా నిన్ను? ముందు కాగితం చదువు. ఆగు. ఆ తర్వాత ఎత్తుకో. ఎన్నిసార్లు చెప్పాలిరా నీకు?"

సంపూర్ణమ్మ నవ్వీ నవ్వీ కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

"మళ్ళీ పెట్టు" అంది.

ఆరోన్ మళ్ళీ పెట్టాడు.