కదలని సొరబుర్ర

డాన్యూబ్ మీది విద్యుత్ కేంద్రంలో నా పని ఊచల దగ్గర. యంత్రాల్లోకి నీళ్లు పోయే దారికి అడ్డంగా ఇనప ఊచలుంటాయి. నది మోసుకొచ్చే దుంగలు, చచ్చిన గొర్రెలు, సీసాలు అక్కడ ఆగుతాయి. వాటిని కొక్కెంతో పైకి లాగుతాను. ఆనకట్ట సగం మాది, సగం అవతలి ఒడ్డున ఉన్న సెర్బులది. చెత్త ఎవరి వైపు చేరితే వాళ్లది. ఆ ఒక్క విషయంలో మాత్రం రెండు దేశాలూ ఎన్నడూ తగువుపడలేదు.

ఆకులు రాలే కాలంలో మా అక్క సొఫ్రోనియా కొడుకు లివియు లారీ ట్యూబు పట్టుకుని నదిలోకి దిగాడు. మా ప్రభుత్వం ఎవరినీ దేశం దాటనివ్వదు. దొంగచాటుగా అవతలి ఒడ్డు చేరితే అక్కణ్ణుంచి ఎక్కడికైనా పోవచ్చని మా కుర్రాళ్ల ఆశ. ఒంటి మీద అక్క అల్లిన ఆకుపచ్చ స్వెట్టర్. ఊలు చాలక ఒక చేతికి గోధుమరంగు వేసింది. వాడి నుంచి కబురు లేదు. అక్క రోజూ నన్ను నిలదీసేది.

"ఒరే పెత్రూ, ఏమైనా తగిలిందా?"

"దుంగలక్కా."

"దుంగలే తగలాలిరా. ఇంకేం తగిలినా నా గుమ్మం తొక్కకు."

చలికాలం పోయినా ఉత్తరం రాలేదు. చనిపోయినవాడు దప్పికతో తిరుగుతుంటాడు, నీళ్లు వదలమని ఆడవాళ్లు పోరు పెట్టారు. మాలో ఇంటిపిల్ల ఆరు వారాలు ఇరుగుపొరుగుకు ఊటనీళ్లు మోస్తుంది. చివర్లో సొరబుర్ర చిప్పలో కొవ్వొత్తి వెలిగించి నదిలో వదులుతారు. తల్లి ఉంటే తల్లి చేత్తోనే వదలాలి. నది తీసుకుపోతే వాడికి అక్కడ నీళ్లకు లోటుండదు. బతికున్నవాడికి చేస్తే మాత్రం చేజేతులా చంపినట్టే. అక్క ఏడ్చి ఏడ్చి ఒప్పుకుంది. లివియు చెల్లెలు అనిక నీళ్లు మోసింది.

మా ఊరు ఓర్షోవ ఒడ్డున అక్క సొరబుర్రను నీళ్ల మీద పెట్టింది. కదల్లేదు. తోసింది. కాస్త పోయి, తిరిగొచ్చి ఆమె కాళ్ల దగ్గరే ఆగింది.

"తీసుకోలేదు!" అక్క కేక పెట్టింది. "నది తీసుకోలేదు! నా బిడ్డ బతికే ఉన్నాడు!"

ఆడవాళ్లు శిలువ గుర్తు వేసుకున్నారు. నాకు ఒళ్లు మండింది.

"అక్కా, ఇదింకా నదేనా? ఆనకట్ట కట్టాక నిలవనీరు. మన పాత ఊరు దీని అడుగునే ఉంది కదా!"

"నోర్ముయ్. చెత్త లాగేవాడివి, నదికి బుద్ధులు చెబుతావా?"

ఆనకట్ట దిగువన పారే నీళ్లున్నాయి. కానీ అక్కడ సరిహద్దు కాపలా మరీ గట్టిది. అక్కడ కొవ్వొత్తి వెలిగిస్తే కాపలావాళ్లు కాల్చేస్తారు. అక్క నవ్వుతూ సొరబుర్రను చంకన పెట్టుకుని ఇంటికి పోయింది.

ఈస్టర్ ముందు వాడు ఊచలకు తగిలాడు. ముఖం లేదు. స్వెట్టర్ ఉంది. కాపలావాళ్లు వచ్చేలోపు ఆ స్వెట్టర్ గోధుమరంగు చేతిని కత్తిరించి చొక్కాలో దాచాను. తరవాత వాణ్ణి ట్రక్కులో పడేసి తీసుకుపోయారు. ఎక్కడ పూడ్చారో అడిగే దమ్ము ఎవరికుంది?

ఆ ఊలుముక్క అక్క ముందు పెట్టాను. ఉతికినా బురద వాసన పోలేదు. అక్క దాన్ని తిరగేసి చూసింది. అంచున జారిన కుట్టును, తనకు తెలియకుండానే, గోటితో సర్దింది.

"ఇది నాది కాదురా."

"అక్కా..."

"నది అబద్ధమాడుతుందా? నా కొడుకుని తీసుకోలేదు. అందరూ చూశారు." ముక్కను మడిచి నా చేతిలో పెట్టింది. "ఎవరి బిడ్డో పాపం. వాళ్లమ్మ ఎవరో కనుక్కుని నీళ్లు వదలమని చెప్పరా. దప్పికతో అల్లాడుతుంటాడు."