ఆటు వేళ డ్యూటీ

జాలరిపేటలో పోతమ్మ ఇంటి గుమ్మంలో ఎప్పుడూ ఒక గోనెపట్టా ఉంటుంది. సముద్రం పోటు మీదున్నంతసేపూ ఆ ఇంటి ఆడదాని పాదాల్లోంచి ఉప్పునీరు కారుతుంది మరి, గచ్చు పాడవదూ? ఇంట్లో ఒక్కరికే ఆ తడి. కూతురు శ్రీసత్యకి ఈడొచ్చాక తల్లి పాదాలు ఆరిపోయి కూతురివి మొదలయ్యాయి. పడవ తోసే మగాళ్ళు ముందు ఆ గోనె వైపు చూసి వెళ్ళేవారు. వేళ కాని వేళ తడిసిందంటే ఆ పూట పడవలు ఇసకలోనే.

సత్య బయోటెక్నాలజీ చదివింది. పరవాడలో టీకాలు తయారుచేసే కంపెనీలో ఉద్యోగమొచ్చింది. "నా గుంట నెత్తి మీద సేపల గంప ఉండదింక," అని పోతమ్మ పేటంతా లడ్డూలు పంచింది. సత్య కూర్మన్నపాలెంలో గది తీసుకుంది.

టీకా సీసాలు నింపే గదిలోకి బయటి నీరు చుక్క కూడా పోకూడదు. సూపర్‌వైజరు గురునాథరావు, గోదావరి వైపు మనిషి, సత్య చెప్పిందంతా విని, పాదాలు చూసి షిఫ్టుల కాగితం వెతుక్కున్నాడు.

"నీకు సముద్రం వెనక్కి తగ్గే ఆటు వేళ డ్యూటీ వేస్తానమ్మా. కానీ లైను నడుస్తుండగా వదిలేసి బయటికి రాకూడదు. బ్యాచ్ అంతా పారబోయాలి, నీ ఉద్యోగమూ ఉండదు."

ఆటు వేళ రోజురోజుకీ కాస్త ఆలస్యమవుతుంది, దానితో పాటే సత్య డ్యూటీ. తిండికి వేళ లేదు, నిద్రకి వేళ లేదు. బస్సులో కూర్చున్నా కాలు ఊపుతూనే ఉండేది. ఏం తప్పు చేస్తానో అని ఒకటే భయం. ఆ గాభరాలో పేటలో గోనె ఎండి అట్టకట్టిందన్న సంగతే తట్టలేదు. అక్కడ మగాళ్ళు ఫోన్లో వాతావరణం చూసుకుని వెళ్తున్నారు.

ఓ మధ్యాహ్నం, సగం సీసాలు నిండేసరికి, బూటు తొడుగుల్లో వేళ్ళ మధ్య చల్లగా తగిలింది. చూస్తే ఆటు వేళ. పేటలో ఆమె అయ్య పడవ తోసేది ఇప్పుడే. కదలకుండా నిలబడితే తడి తొడుగుల్లోనే ఉండిపోతుంది, ఎవరికీ తెలియదు, ఉద్యోగం దక్కుతుంది. రెండు సీసాలు ముందుకు జరిగేదాకా ఆలోచించింది. తర్వాత లైను ఆపేసి ఫోను కోసం బయటికి పరిగెత్తింది.

"అమ్మా, అయ్య ఏడే?"

"పడవ తోత్తన్నాడు. ఏటే, గొంతు అలాగుంది?"

"ఆపే! నా కాళ్ళు తడిసిపోనాయి!"

పోతమ్మ మరో మాట అడగలేదు. కేకలేస్తూ ఇసకలో పరిగెత్తిన చప్పుడు సత్యకి వినిపించింది.

సాయంత్రానికి సముద్రం లేచి ఒడ్డున ఆరేసిన వలలన్నీ పట్టుకుపోయింది. మనుషులంతా మిగిలారు.

"నిన్ను తప్పు పట్టనమ్మా," అన్నాడు గురునాథరావు. "నా చేతిలో లేదు." సత్య కార్డు ఇచ్చేసి, సామాను సర్దుకుని పేటకి వచ్చేసింది. దారంతా ఏడ్చింది.

తెల్లారి ఆటు వేళకి ఆమె గోనె మీద నిలబడేసరికి అయ్య తవిటయ్య, వెనక పేట మగాళ్ళూ వచ్చి ఉన్నారు. ఎన్నడూ కూతుర్ని ఏదీ అడగని మనిషి తలపాగా తీసి చేత్తో పట్టుకున్నాడు.

"ఎల్లమంటావేటమ్మా?"

బీచ్ రోడ్డు మీద ఏదో కంపెనీ బస్సు హారన్ కొట్టింది. సత్య పాదం గోనె దిగబోయి ఆగింది. వంగి, అరికాలు చేత్తో తడిమి చూసుకుంది.

"పొడిగానే ఉంది. ఎల్లు అయ్యా," అంది.