అర మేస్త్రి

సిమెంటు మాలు పరిచి, ఇటుక పెట్టి, తాపీ పిడితో రెండు దెబ్బలు కొట్టాడు మేస్త్రి. ఇక వెనక మూల ఒక్కటే మిగిలింది. గోడలు ఊరివాళ్లు లేపాలి, బడికి కప్పు ప్రభుత్వం వేస్తుంది, అదీ ఒప్పందం. మధ్యాహ్నం ఇంజనీరమ్మ వచ్చేసరికి గోడలు పూర్తికాకపోతే ఈ ఏటి కప్పు మరో ఊరికి పోతుంది. అందుకే ఊరంతా పనులు మానుకుని వచ్చింది.

"మాలు పలచనైంది," అన్నాడు మేస్త్రి.

"పలచనైంది నీ చూపు," అంది భార్య, పార ఆపకుండా.

పెళ్లయిన నాటినుంచీ ఆమె కలిపిన మాలుతోనే అతను కట్టాడు. కట్టినవన్నీ ఇలాంటి బళ్లే. గోడలు లేవగానే ఇంకో ఊరు పిలిచేది. కప్పు పడేనాటికి అతను అక్కడ ఉండేవాడు కాదు. తోటివాళ్లు 'అర మేస్త్రి' అంటే పలికేవాడు. ఈసారి మాత్రం కప్పు చూశాకే కదులుతానని భార్యతో అన్నాడు. ఆమె నమ్మలేదు.

అతను గది లోపలి పరంజా ఎక్కాడు. ముందు వైపు తగువు మొదలైంది. ప్రతి ఇంటివాళ్లూ తమ చేత్తో ఒక్క ఇటుకైనా పెట్టాలని ఊరు అనుకుంది. దర్జీకి, పాలవాడికి ఇంకా వంతు రాలేదు.

"రేపు నా కూతుర్ని బయట కూర్చోబెడితే?" అన్నాడు దర్జీ.

"అదుగో, అక్కడంతా ఖాళీయే కదరా!" అన్నాడు పాలవాడు.

ఇద్దరూ అక్కడ ఇటుకలు పేర్చడం మొదలుపెట్టారు. వాళ్లను చూసి మరో పదిమంది చేతులు వేశారు. మేస్త్రి ఆఖరి ఇటుక పెట్టి దిగేసరికి గుమ్మం ఛాతీ ఎత్తుదాకా మూసుకుపోయి ఉంది.

అప్పుడే జీపు ఆగింది. ఇంజనీరమ్మ చుట్టూ తిరిగి చూసింది.

"గోడలు బాగానే ఉన్నాయి. పిల్లలు ఎటునుంచి వెళ్తారు?"

లోపలినుంచి మేస్త్రి తల పైకి లేచింది. "ముందు నేనెటు రావాలో చెప్పండమ్మా!"

జనం విరగబడి నవ్వారు. "ఉంచండి, తీయకండి!" అంది భార్య. "కప్పు పడేదాకా కదలనన్నాడుగా."

గుమ్మంలోంచి తీసిన ఇటుకలు చేతులు మారాయి. ఇంజనీరమ్మ కూడా రెండు అందుకుంది. తర్వాత లోపలికి వెళ్లి మూలమూలకూ తూకం గుండు వేలాడదీసి గోడ నిటారుగా ఉందో లేదో చూసింది.

"కప్పు మీదే," అంది.

దర్జీ పాలవాణ్ని ఎత్తుకుని గిరగిరా తిప్పాడు. కేకలు వీధి చివరిదాకా వినిపించాయి. ఆ గోలలో పక్క ఊరి పెద్దావిడ మేస్త్రి దగ్గరికి వచ్చింది.

"అడగడానికి మొహం చెల్లడం లేదు నాయనా. మా గోడలు మోకాలెత్తు దాటలేదు. వచ్చే నెల మా వంతు తనిఖీ."

మేస్త్రి అప్పటికే తాపీ కడుగుతున్నాడు. "ఎన్ని గదులు?" అన్నాడు. గొంతులో పొద్దుటి హుషారే.

పెద్దావిడ వచ్చిన ట్రాక్టరు ఎక్కుతూ భార్య అడిగింది. "మరి కప్పు?"

"వేస్తారుగా."

కేకల్లో ట్రాక్టరు కదిలిన సంగతి ఎవరికీ తెలియలేదు. జనం ఇళ్లకు మళ్లాక, కప్పును పట్టుకోవడానికి మూల స్తంభం మీద వదిలిన ఇనుప చువ్వకు మేస్త్రి తువ్వాలు ఆరుతూ ఉంది.